ఆటపాటల బడిలో స్పానిషు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేడు నాలుగు కోట్లకు మించిన జనులు తమ ఇండ్లలో స్పానిషు మాటలాడుచున్నారు. ఆ దేశమున వాడుకలో ఆంగ్లము తరువాతి స్థానము దానిదే. పాఠశాలలలో పరభాషలుగా నేర్పబడు వానిలో ప్రథమస్థానమును దానిదే. అచ్చట స్థిరపడిన మన తెలుగువారి బిడ్డలు సైతము, ఇంట తెలుగును వీధిలో ఆంగ్లమును వినుచు, అనేక పాఠశాలలలో మూడవ భాషగా స్పానిషు పాటలు పాడుకొనుచు పెరుగుచున్నారు. ఇంతటి వ్యాప్తి గల భాష పసిపిల్లల నోటికి ఏ మార్గమున చేరినది, ఎవరు చేర్చిరి, ఎవరు అడ్డగించిరి అను విషయము మాత్రము జనసంఖ్యల పట్టికలలో కానరాదు. ఆ వృత్తాంతమును కొంచెము నిదానించి పరిశీలించినచో, వ్యాకరణ గ్రంథములకంటెను నిఘంటువులకంటెను నాటకములు, పాటలు, బొమ్మలాటలు, పండుగలు అందు ఎక్కువ భారము వహించినట్లు తెలియును. ఆ నాటకములన్నియు భాషకు మేలు చేయుటకే ఆడబడినవి కావు. భాషను పాతిపెట్టుటకు ఆడిన నాటకమును అందు కలదు.

ఈ చరిత్రకు మూలము వెదకువారు మెక్సికోకు పోవలెను. అజ్తెకుల రాజధాని 1521లో స్పానిషు సేనాని కొర్తేసు వశమైన రెండేండ్లకు, ఫ్లాండర్సు దేశీయుడైన పేద్రో దె గాంతె అను ఫ్రాన్సిస్కను సోదరుడు సముద్రము దాటి వచ్చి, ముందు తెస్కోకోలోను, తరువాత మెక్సికో నగరమున సాన్ ఫ్రాన్సిస్కో మఠమును ఆనుకొని సాన్ హోసె దె లోస్ నతురాలెస్ అను పేర వెలసిన పాఠశాలలోను, స్థానిక బాలురకు చదువు చెప్పెను. మొదటి సంవత్సరములలో అతని బోధ ఎవరి చెవికిని ఎక్కలేదు. ఆ జనుల ఆరాధనమంతయు గానముతోను నృత్యముతోను నిండియుండుటను గమనించి, అతడు వారి పద్ధతిలోనే క్రొత్త పాటలు కట్టి, నృత్యసమయమున ధరించు ఉత్తరీయములపై చిత్రింపదగిన ఆకృతులను సైతము సమకూర్చి యిచ్చిన పిమ్మట, క్రిస్మసు పండుగనాడు మఠప్రాంగణము జనముతో క్రిక్కిరిసినది. ఈ సంగతిని అతడే 1558లో రాజైన రెండవ ఫిలిప్పునకు వ్రాసిన లేఖలో నివేదించెను. 1572లో కన్నుమూయువరకు, దాదాపు అర్ధశతాబ్దకాలము, అతడు ఆ పనిని విడువలేదు.

త్లస్కాలా పట్టణమున 1539లో స్థానికులే నటులై జెరూసలేము విజయమును మహానాటకముగా ప్రదర్శించిన తీరును మొతోలినీయా అను మరియొక సన్యాసి విపులముగా వర్ణించియున్నాడు. ఈ పాటలును నాటకములును చాలవరకు నహువాత్లు భాషలోనే ఉండెను; పిల్లలకు స్పానిషు నేర్పుటకు బదులు సన్యాసులే పిల్లల భాషను నేర్చిరి. స్థానికులకు కాస్తిలు భాష నేర్పవలెనని 1550లో రాజాజ్ఞ వెలువడినను అది చాలకాలము కాగితముపైననే నిలిచినది. 1770లో మూడవ కార్లోసు మరల కఠినమైన శాసనము చేయవలసివచ్చెను. రెండువందల ఇరువది ఏండ్ల యెడమున ఒకే ఆజ్ఞను మరల మరల చేయవలసివచ్చుటయే ఆజ్ఞల బలహీనతకు సాక్ష్యము. కాని సన్యాసుల పాటకు గల బలమును మెచ్చుకొనునప్పుడు ఒక విషయమును మరువరాదు. ఆ పాటలు వచ్చి చేరిన నోళ్లలో అంతకుమునుపు వేరు దేవతల పాటలు ఉండెడివి. అవి పోవలెనన్న ఉద్దేశముతోనే ఇవి కట్టబడినవి. పిల్లవాని మనస్సును పాట ఎంత మృదువుగా తెరచునో అంత మృదువుగా ఖాళీ చేయనుగలదు. పాఠశాలలో ఆటపాటలను ప్రవేశపెట్టుట తనంతట తానే మంచిపని యని తలచువారు ఈ మొదటి అధ్యాయమును చదువకుండుట మంచిది కాదు.

స్పానిషు నాటకము స్పానిషుగానే నేటి సంయుక్త రాష్ట్రముల నేలపై అడుగిడినది 1598 ఏప్రిల్ 30వ తేదీన. హువాన్ దె ఒన్యాతె నాయకత్వమున నూతన మెక్సికోకు తరలిపోవుచున్న దండు రియో గ్రాందె నదీతీరమున, నేటి ఎల్ పాసో నగరమునకు సమీపమున విడిసి, ఆ దేశమును రాజు పేర స్వాధీనపరచుకొన్నట్లు ప్రకటించిననాడు, దండులోని మార్కోస్ ఫర్ఫాన్ దె లోస్ గోదోస్ అను సేనాని రచించిన నాటకమొకటి అచ్చట ప్రదర్శింపబడెను. ఆంగ్లేయులు జేమ్స్‌టౌనులో కాలూనుటకు అది తొమ్మిదేండ్లు ముందు. ఆ దండుతోడనే నడచిన గస్పార్ పేరెస్ దె విల్యగ్రా 1610లో ప్రకటించిన పద్యకావ్యమున దీనిని పేర్కొనియున్నాడు. ఆ నాటకము నేడు లభ్యము కాదు. అయినను, భార్యాబిడ్డలతో, పశువులతో, బండ్లతో ఎడారి దాటి వచ్చిన వలసకుటుంబములు క్రొత్తనేలపై విడిసిననాడే నాటకమాడుకొనిరనుట ఆ జాతి స్వభావమును తెలుపు విషయము.

ఆ వలసజనము రియో గ్రాందె లోయలో స్థిరపడిన పిమ్మట, బడులు లేని గ్రామములలో పిల్లలకు భాష నేర్పినవి క్రిస్మసు నాటకములే. వానిలో ముఖ్యమైనది పస్తోరెలా, అనగా గొల్లల నాటకము. శిశువు జన్మించినాడన్న వార్త విని గొల్లలు బయలుదేరుదురు. వారిలో హీలా అను యువతి వంట చేయుచుండును. బర్తోలో అను సోమరి ఎవరు ఎన్ని విధముల లేపినను పడకనుండి లేవడు. ముసలి సన్యాసి ఒకడు వెంట నడచును. లూసిఫెరు వారి దారికి అడ్డుపడగా, దేవదూతయైన మిఖాయేలు కత్తిదూసి వానిని అణచును. ఈ సంభాషణలన్నియు చేతివ్రాత పుస్తకములలో ఒక తరమునుండి మరియొక తరమునకు సంక్రమించెడివి. అక్షరము రానివాడును తన భాగమును సంపూర్ణముగా కంఠస్థము చేసెడివాడు. వీధిభాగవతము చూచుచు పెరిగిన మన పల్లెటూరి పిల్లవానికి పలక పట్టకమునుపే సత్యభామ మాటలు నోటికి వచ్చునట్లే, అచ్చటి పిల్లవానికిని బర్తోలో సాకులు, సన్యాసి గొణుగుడు, దెయ్యపు బింకములు అన్నియు వినికిడిచేతనే పట్టుబడెడివి. ఆ మాటలలో కొన్ని స్పెయిను దేశముననే వాడుక తప్పిన ప్రాచీనరూపములు. మారుమూల లోయలలో అవి నిలిచియుండుటకు ఈ వినికిడియే ఆధారమైనది.

పోసాదాసు అను ఆచారము పిల్లలకు ఇంకను దగ్గరిది. డిసెంబరు 16 మొదలు 24 వరకు తొమ్మిది రాత్రులు, మరియయు యోసేపును బస కొరకు తిరిగిన విధమును అభినయించుచు, ఊరివారు ఇంటింటికి ఊరేగింపుగా పోవుదురు. వాకిట నిలిచినవారు పాటతో బస అడుగుదురు. తలుపు లోపలివారు పాటతోడనే కాదందురు. వెలుపలివారు తమ అలసటను, చలిని, రాత్రిని చెప్పుకొందురు. లోపలివారు అనుమానింతురు, కసరుదురు. తుదకు అతిథులెవరో తెలిసి, తలుపులు తెరచి, లోనికి ఆహ్వానింతురు. పిమ్మట పిల్లలకు పిన్యాతాను పగులగొట్టు వినోదము. భాష నేర్పు దృష్టితో చూచినచో ఇంతకు మించిన పాఠము దొరకుట కష్టము. అడుగుట, కాదనుట, కారణము చెప్పుట, మన్నించి పిలుచుట అను నాలుగు పనులును అందే ఉన్నవి. ఒక రాత్రి వెలుపల నిలిచిన పిల్లవాడు మరునాటి రాత్రి లోపల నిలుచును గనుక ప్రశ్నయు ప్రత్యుత్తరమును రెండును వానికి వశమగును. తొమ్మిది రాత్రులు అదే పాట గనుక, పాఠమును తిరిగి వల్లించుచున్నామన్న విసుగు లేకయే వల్లించుట జరుగును. నేడు అమెరికాలోని ప్రాథమికపాఠశాలల స్పానిషు ఉపాధ్యాయులు డిసెంబరులో ఈ అడుగు-మారుపలుకు పాటను తరగతిలో అభినయింపజేయుట సాధారణము.

1848లో గ్వాదలూపె హిదాల్గో సంధివలన మెక్సికో తన భూభాగములో సగమునకు పైగా కోల్పోయినది. నూతన మెక్సికో, టెక్సాసు, కాలిఫోర్నియా ప్రాంతముల స్పానిషు ప్రజలు తాము కదలకయే పరాయి రాజ్యమున చేరిరి. నూతన మెక్సికో 1912లో రాష్ట్రమైనప్పుడు ఆంగ్ల స్పానిషు భాషలు రెండింటను ప్రవీణులైన ఉపాధ్యాయులను తయారుచేయవలెనని తన రాజ్యాంగముననే వ్రాసికొనెను. టెక్సాసు అందుకు విరుద్ధమైన దారి పట్టినది. 1918లో ఆంగ్లేతర భాషలో పాఠము చెప్పుటను నేరముగా పరిగణించు శాసనము చేసినది. బడి ఆవరణమున స్పానిషు పలికిన పిల్లలను దండించుట అచ్చట దశాబ్దములపాటు నడచిన ఆచారము.

విచిత్రమేమనగా, సరిగా ఆ సంవత్సరములలోనే అదే దేశపు ఉన్నతపాఠశాలలలో స్పానిషుకు క్రొత్త గౌరవము లభించినది. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీపై ద్వేషము పెరిగి జర్మను తరగతులు మూతపడగా, ఆ ఖాళీని స్పానిషు ఆక్రమించినది. 1917లో స్పానిషు ఉపాధ్యాయుల సంఘము ఏర్పడినది. లారెన్సు విల్కిన్సు దాని ప్రథమాధ్యక్షుడు. దాని పత్రికయైన హిస్పానియాకు తొలి సంపాదకుడు ఔరేలియో ఎస్పినోసా. కొలరాడోలోని స్పానిషు కుటుంబమున 1880లో జన్మించిన ఈ పండితుడు నూతన మెక్సికో పల్లెలలో సజీవముగానున్న ప్రాచీనగాథలను, కథలను, సామెతలను సేకరించి ప్రకటించినవాడు. మధ్యయుగపు స్పెయినులో పుట్టిన గాథాగీతములు అమెరికా పల్లెలలోని అవ్వల నోట నిలిచియున్నవని నిరూపించినవారిలో అతడు అగ్రగణ్యుడు. సంపన్నుల బిడ్డకు ఉన్నతవిద్యలో స్పానిషు అలంకారము, సరిహద్దు పల్లెలోని పేదబిడ్డకు అదే స్పానిషు నేరము అను ఈ ద్వంద్వమును చూచినప్పుడు, నిషేధమునకు మూలము భాషపై ద్వేషము కాదని, ఆ భాష పలుకువారిపై గల చిన్నచూపేయని బోధపడును.

ఆ చిన్నచూపు ఎంతవరకు పోయినదో తెలియుటకు పశ్చిమ టెక్సాసులోని మార్ఫా అను చిన్నపట్టణపు ఉదాహరణము చాలును. అచ్చట 1909లో కట్టబడిన బ్లాక్‌వెల్ పాఠశాల మెక్సికను సంతతి పిల్లలకై వేరుగా నడచినది. 1954లో ఒకనాడు ఆ పాఠశాల పిల్లలచేత, ఇక స్పానిషు మాటలాడమన్న ప్రతిజ్ఞలను కాగితపు చీటీలపై వ్రాయించి, వానిని పెట్టెలో ఉంచి, ధ్వజస్తంభము దగ్గర గోయి త్రవ్వించి, స్పానిషు దొరగారికి అంత్యక్రియలని పేరుపెట్టి పూడ్పించిరి. ఊరేగింపు, పెట్టె, గోయి, పాత్రధారులు అన్నియు అమరిన సంపూర్ణ నాటకమది. తల్లి జోలపాట పాడిన భాషను తన చేతులతోనే మట్టిలో కప్పవలసిన ఆ బిడ్డల స్థితిని తలచుకొన్నప్పుడు నాకు బెత్తపుదెబ్బలకంటె ఈ నాటకమే క్రూరమైనదిగా తోచును. దెబ్బలు ఎవరో కొట్టినవి, ఈ పనిని పిల్లలే చేయవలసివచ్చినది. ఆ పాఠశాల 1965లో మూతబడెను. 2007లో పూర్వవిద్యార్థులు వృద్ధులై మరల అచ్చట సమావేశమై, మట్టిలోనుండి ఒక స్పానిషు నిఘంటువును పైకి తీయు మరియొక నాటకమును తామే ఆడిరి. 2022లో జాతీయ ప్రభుత్వము ఆ పాఠశాలను చారిత్రకస్థలముగా గుర్తించు శాసనము చేసినది.

ఇందుకు పూర్తిగా భిన్నమైన పని, అంతకు ముప్పదేండ్లు ముందే, న్యూయార్కు నగరమున ఒక గ్రంథాలయపు గదిలో ఆరంభమైనది. ప్యూర్టోరీకో ద్వీపము 1898లో అమెరికా పాలనలోనికి రాగా, ద్వీపపు పాఠశాలలలో ఆంగ్లమును బోధనభాషగా చేయుటకు పాలకులు అర్ధశతాబ్దము ప్రయత్నించిరి. 1949లో గాని స్పానిషు మరల బోధనభాష కాలేదు. 1917లో ఆ ద్వీపవాసులకు అమెరికా పౌరసత్వము లభించినమీదట వేలాదిగా న్యూయార్కునకు వలస వచ్చిరి. అట్లు వచ్చినవారిలో పూరా బెల్ప్రె ఒకతె. 1921లో ఆమె హార్లెములోని 135వ వీధి గ్రంథాలయశాఖలో ఉద్యోగమున చేరెను. న్యూయార్కు సార్వజనిక గ్రంథాలయమున ప్యూర్టోరీకో వారిలో ఆమెయే మొదటి ఉద్యోగిని. బాలల పుస్తకముల అరలన్నియు వెదకినను, తన అమ్మమ్మ నోట విన్న కథలలో ఒక్కటియు ఆమెకు కానరాలేదు. నానాదేశముల జానపదకథలున్నవి, తన ద్వీపపు కథ లేదు. అప్పటినుండి తన కథలను తానే చెప్ప నిశ్చయించుకొనెను.

ఆమె చెప్పిన కథలలో ప్రసిద్ధమైనది పేరెస్, మార్తినాల కథ. 1932లో అది పుస్తకరూపమున వెలువడెను. మార్తినా అను అందగత్తెయైన బొద్దింక తన వాకిట కూర్చుండియుండగా, ఒకరి తరువాత ఒకరు వరులు వచ్చి పెండ్లాడమని అడుగుదురు. ఆమె ప్రతివానిని తనతో ఎట్లు మాటలాడుదువని ప్రశ్నించును. పిల్లి, కోడిపుంజు మున్నగువారు తమ తమ ధ్వనులను వినిపింతురు. ఎవరి ధ్వనియు ఆమెకు నచ్చదు. తుదకు మధురభాషియైన పేరెస్ అను ఎలుక ఆమె మనస్సును చూరగొనును. పెండ్లియైన పిమ్మట క్రిస్మసు పండుగకై ఆమె వండిన తీపివంటకపు కుండలోనికి ఆ ఎలుక రుచికై తొంగిచూచి, జారిపడి మరణించును. ఆమె పాడుకొనుచు దుఃఖించును. పిల్లల కథ దుఃఖాంతముగా ఉండుట కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చును. కాని ఈ కథానిర్మాణమును చూడుడు: ఒకే ప్రశ్న, పలుమార్లు, ప్రతిమారు క్రొత్త జవాబు, ప్రతి జవాబును ఒక జంతుధ్వని. మూడు మాటలకు మించి స్పానిషు రాని బిడ్డయు రెండవ వరుడు వచ్చునప్పటికి మార్తినా ప్రశ్నను తానును పలుకగలడు.

బెల్ప్రె ఆ కథను చెప్పుటతో తృప్తిచెందక బొమ్మలాటగా మార్చెను. 1920ల చివర దక్షిణ హార్లెమున ప్యూర్టోరీకో కుటుంబములు పెరుగగా ఆమెను 115వ వీధి శాఖకు పంపిరి. అచ్చట ఆంగ్ల స్పానిషులు రెండింటను కథాగోష్ఠులు నడిపి, జనవరి 6వ తేదీన మువ్వురు రాజుల పండుగను గ్రంథాలయముననే ఉత్సవముగా జరిపించెను. పిల్లలు నటులైరి, తల్లులును, ఆంగ్లము రానందున అంతవరకు గ్రంథాలయపు గడప తొక్కని ముసలివారును ప్రేక్షకులైరి. తమ పండుగకు ప్రభుత్వభవనమున చోటు దొరకిన దినమున ఆ కుటుంబములకు కలిగిన ధైర్యమును ఊహించుకొనవచ్చును. 1943లో ఆమె వాయులీన విద్వాంసుడైన క్లారెన్సు కామెరను వైటును వివాహమాడి కొంతకాలము ఉద్యోగము మానినను, 1960లో అతడు మరణించిన పిమ్మట మరల పనిలో చేరి, వార్ధక్యమున సైతము మడచి మోయదగిన బొమ్మలాట వేదికను వెంటబెట్టుకొని దక్షిణ బ్రాంక్సు పేటలలో తిరిగెను. 1982లో ఆమె గతించెను. 1996 నుండి అమెరికా గ్రంథాలయ సంఘమువారు ఉత్తమ బాలసాహిత్యమునకు ఆమె పేర పురస్కారమిచ్చుచున్నారు. శిక్షణశాస్త్ర చరిత్రలు వ్రాసినవారు విశ్వవిద్యాలయాచార్యుల సిద్ధాంతములకు అధ్యాయములు కేటాయించి, ఈమె పేరును గ్రంథాలయ చరిత్రకు విడిచిపెట్టుట నాకు అన్యాయముగా కనబడుచున్నది. రెండు భాషలమధ్య బిడ్డను నిలిపి, దేనిని విడువనక్కరలేకుండ నడిపించు పద్ధతిని ఆమె నలువదేండ్లు ముందుగా ఆచరించి చూపెను.

ప్రభుత్వము ఈ విషయమున మేలుకొన్నది యుద్ధభయముచేత. ప్రాథమికపాఠశాలలలో పరభాషలు నేర్పవలెనని 1952లో జాతీయ విద్యాశాఖాధిపతి ఎర్లు మెగ్రాతు ఉపన్యసించెను. 1957లో రష్యావారు స్పుత్నికును ఎగురవేయగా కలవరపడిన అమెరికా 1958లో జాతీయ రక్షణ విద్యాశాసనము చేసి భాషాబోధనకు ధనము కుమ్మరించెను. కాని ఆ ధనము ఎక్కువగా పోయినది ధ్వనిముద్రికలకును యంత్రములకును. సైనికశిక్షణనుండి వచ్చిన పద్ధతిలో, అర్థముతో పనిలేకుండ, వాక్యమును విని మరల పలుకుట, మరల మరల పలుకుట. తగిన ఉపాధ్యాయులు లేక ఆ ఉత్సాహము పదేండ్లలో చాలచోట్ల చల్లబడెను.

ఫ్లారిడాలోని మయామీ నగరమున మాత్రము వేరొక కారణముచేత వేరొక పాఠశాల పుట్టినది. 1959 నాటి విప్లవమునకు పిమ్మట క్యూబానుండి వేలకొలది కుటుంబములు అచ్చటికి వచ్చి చేరెను. 1960 మొదలు 1962 వరకు పద్నాలుగువేలకు మించిన పిల్లలు తల్లిదండ్రులు తోడులేకయే విమానములలో పంపబడిరి. వారితో ఉపాధ్యాయులును వచ్చిరి. ఫోర్డు సంస్థ ధనసహాయమున, పౌలీన్ రోహాసు నిర్వహణమున, కోరల్ వే ప్రాథమికపాఠశాల 1963 సెప్టెంబరులో ద్విభాషా పాఠశాలగా మారెను. మొదటి మూడు తరగతులతో ఆరంభించి, పిల్లలలో దాదాపు సగము స్పానిషువారిని, సగము ఆంగ్లమువారిని చేర్చుకొనిరి. ప్రతిబిడ్డయు పూటలో ఒక భాగము తన భాషలోను, మరియొక భాగము రెండవ భాషలోను చదువును. ఈ ఏర్పాటులోని సొగసు నడిమి గంటలలో ఉన్నది. భోజనము, ఆట, సంగీతము, చిత్రలేఖనము, వ్యాయామము అను సమయములలో ఇరుభాషల పిల్లలును కలసియుందురు. ఏ భాషయైనను వాడవచ్చును. పాఠములు వేరుచేసిన పిల్లలను పాట ఒకటి చేసినది. రెండవ భాష మొదట వాడుకకు వచ్చుటకు అచ్చట అవకాశము దొరకినది.

ఆ బడిలో పనిచేసిన క్యూబా ఉపాధ్యాయినులు చాలమంది స్వదేశమున అనుభవము గడించి, ప్రవాసమున మొదట సహాయకులుగా మాత్రమే కుదురుకొన్నవారు. వారి వెనుక హోసె మర్తీ సంప్రదాయమున్నది. క్యూబా స్వాతంత్ర్యమునకై ప్రాణమిచ్చిన ఆ కవి 1889లో న్యూయార్కునుండియే లా ఎదాద్ దె ఓరో అను బాలలపత్రికను స్పానిషున ప్రకటించెను. నాలుగు సంచికలతో అది ఆగినను, అందలి కథలును పద్యములును లాటిను అమెరికా బాలసాహిత్యమునకు పునాదులైనవి. మర్తీ పద్యములను పిల్లలచేత కంఠస్థము చేయించి సభలో చెప్పించుట క్యూబా పాఠశాలల ఆచారము. ప్రవాసమున పుట్టిన పత్రిక ఏడు దశాబ్దములకు పిమ్మట వచ్చిన ప్రవాసుల బిడ్డలకు వారసత్వమగుట చరిత్రలో తరచుగా జరుగు సంగతి కాదు. కోరల్ వే ప్రయోగమును చూచి ఇతర నగరములు అనుసరించినవి. 1968లో జాతీయ ద్విభాషా విద్యాశాసనము వచ్చినది. కాని ఆ మయామీ మండలమే 1980లో ప్రభుత్వ వ్యవహారములన్నియు ఆంగ్లముననే జరుగవలెనని ఓటుచేసి, 1993లో గాని ఆ నిర్ణయమును ఎత్తివేయలేదు. ఆ పదమూడేండ్లును కోరల్ వేలో రెండు భాషల పాఠములు ఆగలేదు.

1971లో కాలిఫోర్నియాలోని కల్వరు సిటీలో మరియొక అడుగు పడెను. కెనడాలో ఆంగ్లము మాటలాడు బిడ్డలకు మొదటినుండి ఫ్రెంచిలోనే పాఠములు చెప్పిన సెయింట్ లాంబర్టు ప్రయోగమును అనుసరించి, ఆంగ్లము తప్ప వేరెరుగని బాలురకు శిశుతరగతినుండియే స్పానిషులో బోధన ఆరంభించిరి. ఇట్టి తరగతులలో ఉపాధ్యాయిని పిల్లల మాటలు అర్థము చేసికొనుచునే, తాను స్పానిషు తప్ప పలుకదు. దప్పికయని ఆంగ్లమున అడిగిన బిడ్డకు స్పానిషున మారుపలికి నీరిచ్చును. ఏడాది పొడుగున తెర పడని నటన అది. అదే కాలమున సాన్ హోసె నగరపు ఆచార్యుడు జేమ్సు ఆషరు శరీరచలనముతో భాష నేర్పు పద్ధతిని ప్రచారము చేయుచుండెను: లెమ్ము, నడువుము, తలుపు తెరువుము అను ఆజ్ఞలను ఉపాధ్యాయుడు పలుకుచు చేసిచూపును, బిడ్డ పలుకనక్కరలేదు, చేసిన చాలును, పలుకు తానుగా తరువాత వచ్చును. పస్తోరెలా చూచుచు పెరిగిన పల్లెపిల్లలకు ఈ సూత్రము క్రొత్తది కాదు, పండితులకు క్రొత్తది.

పాటల విషయమున మెక్సికోకు చెందిన ఫ్రాన్సిస్కో గబిలోందో సోలేరును స్మరింపక తప్పదు. 1934లో ఆకాశవాణిద్వారా పాడనారంభించిన ఈ ఒరిసాబా పట్టణవాసి, వాయులీనము వాయించు క్రి-క్రి అను ఇలకోడి వేషమున, పాతికేండ్లకు పైగా పిల్లలకు పాటలు కట్టి పాడెను. బాతులు, ఎలుకలు, ముసలి అవ్వ బట్టలపెట్టె, అక్షరముల ఊరేగింపు అతని వస్తువులు. స్పానిషు మాతృభాషయైన బిడ్డకును, పరభాషయైన బిడ్డకును ఆ పాట ఒకే రీతిగా అందును. టెక్సాసులోని ఆస్టిను నగరమున ఐదా బర్రేరా 1970లో ఆరంభించిన కర్రస్కొలెందాసు అను దూరదర్శన ధారావాహిక ఒక కల్పితగ్రామమును, అందు మాటలాడు సింహమును, పాటలను ఆధారము చేసికొని రెండు భాషలను ప్రక్కప్రక్కన వినిపించినది. స్పానిషు పలికినందుకు దండనలు అనుభవించిన తరము ఇంకను యౌవనముననే ఉండగా, అదే రాష్ట్రమున ఆ భాష దూరదర్శనమున పాడుట ఆరంభించెను.

నేటి ప్రాథమికపాఠశాలలో ఈ పద్ధతులన్నియు కలసిపోయినవి. వాని వెంట ఒక దోషమును చొరబడినది. సంస్కృతి పేర ఏడాదికొకనాడు పిల్లలకు పెద్ద టోపీలు పెట్టి, పిన్యాతా పగులగొట్టించి, ఒక పాట పాడించి, స్పానిషు లోకమంతయు ఇంతేయన్నట్లు ముగించు పాఠశాలలు కొల్లలుగా ఉన్నవి. ఇరువది దేశముల భాష అది. అందెస్ పర్వతములలో పాడు జోలపాటకును, కరీబియను ద్వీపముల మద్దెలపాటకును, కాస్తిలు ఊరి గాథకును పోలికలున్నవి గాని అవి ఒకటి కావు. బెల్ప్రె తన అమ్మమ్మ కథను చెప్పినది. లోకమందలి స్పానిషువారందరి కథను చెప్పబూనలేదు. ఒక ఊరి ఒక కథను, దాని వంటకముతోను దుఃఖముతోను సహా, రెండు నెలలు నేర్పి ఆడించిన ఉపాధ్యాయిని, పది దేశముల పతాకములను గోడకు అంటించిన ఉపాధ్యాయినికంటె పిల్లలకు ఎక్కువ ఇచ్చినదని నా దృఢవిశ్వాసము. అట్లాడించునప్పుడు సిగ్గరియైన బిడ్డకు బొమ్మను చేతికిచ్చుట మంచిది. బొమ్మ పలికినదను ధైర్యమున వాడు మొదటి మాట పలుకును. పాత్రలు పంచునప్పుడు, ఇంట స్పానిషు మాటలాడు బిడ్డను కేవలము ఇతరులకు ఉచ్చారణ దిద్దువానిగా వాడుకొనక, వానికిని తాను ఎరుగని మాటలు గల పాత్రనీయవలెను. వాడును నేర్వదగినది కొంత ఉండవలెను గదా.

కాలిఫోర్నియా 1998లో ప్రజాభిప్రాయముతో ద్విభాషాబోధనను దాదాపు నిర్మూలించి, 2016లో అదే ప్రజాభిప్రాయముతో మరల తలుపు తెరచినది. తెరచిన తలుపులోనికి పోవుటకు ఉపాధ్యాయులు చాలరైరి. నిషేధకాలమున పెరిగిన తరమునుండియే వారు రావలసియున్నది. స్పానిషులో పాఠము చదువని తరము స్పానిషులో పాఠము చెప్పవలెను. అందుచేత మెక్సికో, స్పెయిను, కొలంబియా దేశములనుండి ఉపాధ్యాయులను రప్పించు పాఠశాలలు నేడు పెక్కు కలవు. వారితోపాటు ఆ దేశముల పాటలును, నాటకములును, పండుగలును క్రొత్తగా తరగతిగదులలోనికి వచ్చుచున్నవి.